డెబ్బై రెండు కడీలు

నిస్సీ అనపకాయలు ఒలుస్తోంది. వరండాలో షాబాదు బండల మీద చాప పరిచి, ఒక పక్క తను, ఇంకో పక్క ఇంటి పెద్దావిడ నర్సింహమ్మ కూర్చున్నారు. మధ్యలో కాయల కుప్ప. నర్సింహమ్మ బొటనవేలు తగలగానే కాయ నోరు తెరిచి గింజలు అప్పజెప్పేస్తోంది. నిస్సీ చేతిలో మాత్రం ప్రతి కాయా కొంత బెట్టు చేస్తోంది. ముసలమ్మ గిన్నె నిండుతోంది, టీచరమ్మ గిన్నెలో అడుగు కూడా మునగలేదు. పొద్దున మొదటి ఆరాధనకు చర్చికి వెళ్లొచ్చిన చీర నిస్సీ ఇంకా మార్చుకోలేదు.

"గోరు పెట్టకు బిడ్డా, ఎంబడే నొస్తది. వీపు మీద ఒత్తు," అంది నర్సింహమ్మ.

నిస్సీ వీపు మీద ఒత్తింది. కాయ తెరుచుకుంది. కానీ ఆమె మనసు కాయల మీద లేదు. నిన్న సాయంత్రం తెలిసిన సంగతి దగ్గరే ఆగిపోయి ఉంది.

కిందటి వారం చదవని వాళ్ల కోసం ఆ సంగతి మళ్లీ చెప్పుకోవాలి. గుమ్మడిదల దగ్గరి ఈ ఊరి ప్రాథమిక పాఠశాలలో నిస్సీ టీచరుగా చేరి ఏడాదిన్నర అయింది. నర్సింహమ్మ పెద్దకొడుకు యాదగిరి ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుని ఉంటోంది. ఈ చలికాలం మొదట్లో బడికి గోడంత డిజిటల్ బోర్డు వచ్చింది. పిల్లలు దాన్ని పెద్ద ఫోను అంటారు. గురువారం నాడు నాలుగో తరగతికి ఆ బోర్డు మీద ఆమె ఒక తీగ చూపించింది. ఇరవై నాలుగు ముక్కల తీగ, రెండు కొసలూ కలిపి ఉంది. వేలితో మూల పట్టి లాగితే దాని ఆకారం మారుతుంది. చదరమవుతుంది, సాగితే పట్టీలా అవుతుంది. లోపల ఆకుపచ్చ గళ్లు పెరుగుతాయి, తరుగుతాయి. తీగ అంకె మాత్రం ఇరవై నాలుగు దగ్గర కదలకుండా ఉంటుంది. ఆమె సూత్రమేమీ చెప్పలేదు. ఒక మేకలాయన దగ్గర ఇంతే తీగ ఉంది, మేకలకు ఎక్కువ జాగా రావాలంటే దొడ్డి ఎట్లా కట్టాలి అని మాత్రం అడిగి, వెనక బెంచీ మీద కూర్చుంది. బోర్డు కింది మూల సరిగ్గా పనిచేయదు, వేలి కణుపుతో గట్టిగా నొక్కాలి. ఆ మూల కోసం కొట్టుకుంటూనే పిల్లలు నలభై నిమిషాలు వాదించుకున్నారు. చివర్లో, ఎవరి ఇంటి నుంచి వాళ్లు ఇలాంటి సమస్య ఒకటి తెచ్చుకు రమ్మంది.

శుక్రవారం అందరికంటే మంచి సమస్య తెచ్చింది యాదగిరి కూతురు నిషిత. ఇద్దరు అన్నదమ్ములకు రెండు పొలాలు. రెండింటి చుట్టూ పాతిన రాతి స్తంభాలు, ఇక్కడి మాటలో కడీలు, చెరి డెబ్బై రెండు. ఒక పొలం చదరం, ఒకటి పొడుగు. రెండూ సమానమేనా? హెడ్‌మాస్టర్ మురళీమోహన్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. సోమవారం మండలం నుంచి టీచర్లు మీటింగుకు వస్తున్నారు, వాళ్ల ముందు ఈ పాఠమే చెప్పాలి, ఈ పిల్లే బోర్డు దగ్గర నిలబడాలి అన్నాడు. నిన్న, శనివారం సాయంత్రం, నిషిత నోటివెంటే నిస్సీకి తెలిసింది. ఆ అన్నదమ్ములు కల్పన కాదు. అన్న యాదగిరి. తమ్ముడు బీరంగూడలో ఉండే రాజశేఖర్. ఆ పిల్ల స్వయంగా టేపు పట్టుకుని పోయి, కడీకి కడీకి మధ్య పదకొండు అడుగులని కొలిచి వచ్చింది.

"చిన్నోడు ఒంటిగంట వరకల్ల వస్తడట," అంది నర్సింహమ్మ. "అనపగింజల కూరంటే పానమిస్తడు. నెలకొక్క ఐతారమే గద వచ్చేది."

"కోడలు, పిల్లలు కూడా వస్తరా అవ్వా?"

"రారు. ఆమెకు ఏందో మీటింగు ఉందట. మన నిషిత తల్లికి ఐతారం గూడ కంపెనీల డ్యూటీ. ఇంట్ల ఆడోళ్లందరు ఆఫీసర్లయిండ్రు, ఒలిచెటందుకు నేనొక్కదాన్ని మిగిలిన."

గేటు చప్పుడైంది. యాదగిరి పొలం నుంచి వచ్చాడు. కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, తువ్వాలతో ముఖం తుడుచుకుని, వరండా అరుగు మీద కూర్చున్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. పెళ్లైన పద్నాలుగేళ్లకు పుట్టిన ఒక్కతే కూతురు నిషిత. ఊళ్లో ఏ ఇంట్లో వాటాలు పంచుకున్నా ఆయన్ని పిలుస్తారు. ఆయన మాట ఎప్పుడూ చుట్టూ తిరిగి గమ్యానికి వస్తుంది, అంతవరకూ ఎదుటివాళ్లు ఓపిక పట్టాలి.

"టీచరమ్మా, ప్రార్థన అయిపోయిందా?"

"అయిపోయింది కాకా. పొద్దుగాల్నే పోయొచ్చిన."

"మంచిగైంది. ఈ అనపకాయ ఈసారి నాలుగు సాళ్లే ఏసిన. పురుగు వట్టింది." ఒక కాయ తీసి చూసి మళ్లీ కుప్పలో వేశాడు. "గా పెద్ద టీవీ అన్ని బళ్లకు ఇచ్చిండ్రా, మనకేనా?"

"కొన్ని బళ్లకే ఇచ్చిండ్రు."

"మా కాలంల ఎక్కం రాకుంటే గోడకుర్చీ. ఇప్పుడు సినిమా జూపిస్తున్నరు."

నిస్సీ నవ్వింది. "సినిమా అయితే పిల్లలు ఊకె కూసొని చూస్తరు కాకా. ఇది వాళ్లే జరుపుతరు."

"జరుపుతరు, జరుపుతరు." యాదగిరి తువ్వాల మడిచి భుజం మీద వేసుకున్నాడు. "రేపు మీటింగు ఉందట గద."

"ఉంది."

"మా పోరి లెక్క చెప్తదట."

"అవును కాకా."

"ఆ లెక్క మా పొలంది."

నర్సింహమ్మ చేతిలో కాయ ఒక్క క్షణం ఆగి, తర్వాత తెరుచుకుంది. నిస్సీ అది చూసింది.

"నిన్న పొద్దుగూకేదాక నాకూ తెల్వదు," అంది. "బళ్ల చెప్పినప్పుడు అన్నదమ్ములు అన్నది గాని పేర్లు చెప్పలె."

"ఇప్పుడు తెలిసింది గద. రేపు వేరే లెక్క పెట్టు. కంపెనీ బస్సుల లెక్క పెట్టు, గంటకు ఎన్ని పోతున్నయి, ఎంతమంది ఎక్కుతున్నరని. మస్తుంటది." తన ఆలోచనకు తనే నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "గది రేపటి ముచ్చట. ఇయ్యాల, మా రాజు రాకముందే, పోరిని పిల్చి ఒక్క మాట చెప్పాలె నువ్వు. లెక్క తప్పయిందని."

"ఏం తప్పయిందని చెప్పాలె కాకా?"

"ఏదో ఒకటి. కూడుడు తప్పిందను, గుణించుడు తప్పిందను. నువ్వు చెప్తె ఇంటది. నేను చెప్తే 'నీకు తెల్వదు నాయినా, టీచర్ చెప్పింది' అంటది. అన్నం తినేటప్పుడు మూడుసార్లు అన్నది. సొంత ఇంట్ల నాకు ఇజ్జత్ లేకుండ అయింది."

"వేరే లెక్క పెట్టుమంటే పెడ్త. తప్పని చెప్పుడు వేరు గద."

"తప్పే గద మరి," అన్నాడు యాదగిరి. ముందుకు వంగి కూర్చున్నాడు. "నడిమిట్ల పొలం కంపెనీకి పోయింది. మాకు ఇటొక ముక్క, బండ్లబాట అవతల కంపెనీ గోడ పొంటి ఇంకో ముక్క మిగిలింది. రెండు సమానమా కాదా అని అప్పుడే మాటొచ్చింది. పెద్దరాములు తాత, ఇంకో ముగ్గురు పెద్దమనుషులు నిలబడ్డరు. నేనే కడీలు తెప్పిచ్చిన. ఇటు పాతినం, డెబ్బై రెండు వట్టినయి. అటు పాతినం, డెబ్బై రెండే వట్టినయి. ముండ్ల తీగ గూడ ఇటెన్ని కట్టలో అటన్నే కట్టలు. సమానమని నలుగురు ఒప్పుకున్నరు. కాయిదం మీద గూడ చెరి సగం రాసిండ్రు. సుట్టు తీగ సమానమైనప్పుడు లోపటి భూమి ఎక్కువ తక్కువ ఎట్లయితది? నువ్వే చెప్పు."

ఆ ప్రశ్నలో నిస్సీకి నవ్వొచ్చేది ఏమీ లేదు. తను చదివిన పల్లెటూరి బడిలో చుట్టుకొలతకొక సూత్రం, వైశాల్యానికొక సూత్రం బోర్డు మీద రాసి, వందసార్లు చదివించారు. రెండూ తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకుంది. ఒకటి మారకుండా ఇంకోటి మారుతుందని మాత్రం పంతొమ్మిదేళ్ల వయసులో, సంగారెడ్డిలో టీచర్ ట్రైనింగు చేసేటప్పుడు గాని తెలియలేదు. అప్పటిదాకా ఆమె కూడా యాదగిరిలాగే అనుకునేది. ఆ నలుగురు పెద్దమనుషులూ అలాగే అనుకున్నారు. అందులో ఎవరి మోసమూ లేకపోవచ్చు.

"రాజు ఆ కాయిదం చదవలే మేడం," అన్నాడు యాదగిరి. ఈసారి గొంతు తగ్గింది. "చదువుకున్నోడు. ఐటీఐ చేసిండు. చదువు రాని నేను చూపెట్టిన కాడ సంతకం పెట్టిండు. నువ్వు సూసినవ్ గద అన్నా, సాలు అన్నడు. తొమ్మిదేండ్లయింది. ఇయ్యాల గీ ముచ్చట పోరి నోట్లకెల్లి ఇన్నడనుకో..."

గేటు వైపు చూశాడు.

నిస్సీ గిన్నె పక్కకు పెట్టింది. ఒక్క మాట అంటే అయిపోతుంది. పదేళ్ల పిల్ల, రెండ్రోజుల్లో మర్చిపోతుంది. భోజనాల దగ్గర గొడవ ఉండదు. తన గది తనకు ఉంటుంది. ఇద్దరు అన్నదమ్ములు కలిసి కూర తింటారు. తూకం వేస్తే అటువైపే మొగ్గుతోంది. ఇటువైపు ఉన్నది ఒక్కటే. గురువారం పిల్లలతో అన్న మాట. నేను చెప్పానని నమ్మకండి, మీరు చేసి చూసి నమ్మండి అంది. అది విని నిషిత టేపు పట్టుకుని కిలోమీటరు నడిచి పోయింది.

"నిషితా," అని పిలిచింది.

పిల్ల ఇంటి వెనక నుంచి వచ్చింది. ఒక జడ అయింది, ఇంకోటి సగంలో ఉంది. చంకలో నోటుబుక్కు.

"టీచర్, రేపు మీటింగుల మైకు ఉంటదా?"

"ఉండదు."

"మరి ఎనక కూసున్న సార్లకు ఎట్లిన్పిస్తది?"

"గట్టిగ చెప్పాలె."

"నేను గట్టిగనే చెప్తగాని ఆ మూల నొక్కుడే కష్టం. ఇయ్యాల బళ్లకు పోయి ప్రాక్టీసు చేద్దామా?" అని, అప్పుడు తండ్రి ముఖం చూసింది. నానమ్మ ముఖం చూసింది. పెద్దవాళ్లు ఏదో మాట్లాడుకుని ఆగారని పసిగట్టింది. "నాయిన చెప్పిండా మీకు? నా లెక్క తప్పంటుండు." నోటుబుక్కు తీసి ఆ పేజీ తెరిచి నిస్సీ ముందు పెట్టింది. "తప్పా టీచర్?"

పేజీలో రెండు బొమ్మలు. ఒకటి చదరం, పక్కకు పద్దెనిమిది కడీల దూరం, కిందికి పద్దెనిమిది. ఇంకోటి పొడుగు, ఇరవై ఏడు, తొమ్మిది. మూడు కడీల దూరం కలిస్తే ముప్పై మూడు అడుగులు, అంటే ఒక గొలుసు. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు అయితే ఒక గుంట. అది ఈ ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన కొలత. చదరం ఆరు గొలుసులకు ఆరు, పొడుగుది తొమ్మిదికి మూడు. కింద ఎర్ర పెన్నుతో రెండు అంకెలు రాసి, చుట్టూ గీత గీసింది. ముప్పై ఆరు గుంటలు. ఇరవై ఏడు గుంటలు.

పిల్ల ముఖంలో భయం లేదు. ఏది చెప్తే అది రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. తప్పంటే చాలు, రబ్బరు తీసుకుని తుడిచేస్తుంది. అదే నిస్సీకి కష్టమైంది.

"తప్పు కాదు," అంది నిస్సీ. "సరిగ్గనే చేసినవ్."

యాదగిరి కోపం తెచ్చుకోలేదు. కాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు. తర్వాత లేచాడు.

"సరే. నాకు గూడ జూపెట్టు. ఫోన్ల వద్దు. ఫోన్ల ఏది గావాలంటే గదే జూపిస్తరు. నా ఇంట్ల, నా కండ్ల ముందట జూపెట్టు."

నిస్సీ చుట్టూ చూసింది. వరండాలో పరిచిన షాబాదు బండలు ఒక్కోటి రెండడుగుల చదరం, అన్నీ ఒకే కొలత. బోర్డు మీద గళ్లలాగే ఉన్నాయి. బట్టలు ఆరేసే తాడు గుంజకు కట్టి ఉంది. నిషిత అప్పటికే దాని ముడి విప్పుతోంది. ఆ పిల్లకు చెప్పాల్సిన పని లేకపోయింది.

చాప లాగి గోడ పక్కకు వేశారు. "పైలం, గింజలు తొక్కుతరు," అని నర్సింహమ్మ గిన్నెలు రెండూ ఒళ్లోకి తీసుకుంది. తాడుకు రెండు కొసలూ కలిపి ముడి వేశారు. నాలుగు బండలు పొడుగు, నాలుగు బండలు వెడల్పు, చుట్టూ సరిగ్గా పట్టింది. ఒక మూల నిస్సీ పట్టుకుంది, ఒక మూల నిషిత, ఒక మూల యాదగిరి. నాలుగో మూల పట్టేందుకు నర్సింహమ్మ లేవనంది, అక్కడ నీళ్ల చెంబు పెట్టారు.

"ఇది మన పొలం నాయినా," అంది నిషిత. "లోపట ఎన్ని బండలున్నయో లెక్కపెట్టు."

"పదహారు."

"మల్ల పెట్టు."

"పదహారే గదనే. నాకు గీ మాత్రం రాదా?"

"ఇప్పుడు ముడి ఇప్పొద్దు. గట్లనే గుంజాలె."

యాదగిరి ఆగమన్నట్టు చేయెత్తాడు. ముడి దగ్గరికి వెళ్లి, వేళ్లతో నలిపి, లాగి చూశాడు. గట్టిగానే ఉంది. తన మూలకు తిరిగొచ్చాడు. తాడును సాగదీశారు. ఆరు బండలు పొడుగు, రెండు బండలు వెడల్పు. తాడు ఎక్కడా వదులు లేదు, ఎక్కడా చాలకుండా పోలేదు.

"ఇది చిన్నాయిన పొలం," అంది నిషిత. "ఇప్పుడు లెక్కపెట్టు."

యాదగిరి బొటనవేలితో ఒక్కో బండనూ తాకుతూ అటు చివరిదాకా నడిచాడు, ఇటు తిరిగొచ్చాడు. పన్నెండు. ఈసారి అటువైపు నుంచి మొదలుపెట్టాడు. పన్నెండు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నాలుగు బండలు ఎటువోయినయి?" అన్నాడు.

"ఎటూ పోలే నాయినా," అంది నిషిత. "తాడు బయట ఉన్నయి."

రోడ్డు మీద కంపెనీ బస్సొకటి పోయింది. నిషిత చేతిలోని మూల వదిలేసి నోటుబుక్కు అందుకుంది.

"మనకు తొమ్మిది గుంటలు ఎక్కువున్నయి. నాలుగున్నర గుంటలు చిన్నాయినకు ఇస్తే సమానమైతది. గది గూడ చేసి పెట్టిన, ఎనక పేజీల ఉంది."

"నువ్వు జెర ఊకో," అన్నాడు యాదగిరి. కసురుకోలేదు, అలసిపోయినట్టు అన్నాడు.

"పోరి సరిగ్గనే చెప్పింది."

ఆ మాట నర్సింహమ్మది. ఒళ్లో రెండు గిన్నెలు పెట్టుకుని, గోడకు ఆనుకుని, కొడుకు వైపు కాకుండా బండల వైపు చూస్తోంది. ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"కందులు ఏసేది నేనే గద," అంది. "నీ అరకెనక సాళ్లల్ల గింజ ఇడిసేది నేనే. ఉద్యోగమున్నోడు ఎవుసం జేయడని చిన్నోని ముక్క గూడ మనమే జేస్తున్నం, పండింది ఆనికి పంపుతున్నం. మొదటి ఏడే నాకు ఎర్కైంది. మన ముక్కల ఇత్తనం నాలుగు మానికలు పడ్డయి. గోడ పొంటి మూడే పడ్డయి. ఏదో చెయ్యి తప్పిందనుకున్న. మర్రేడు గూడ గంతే. ఎప్పుడు ఏసినా నాలుగు, మూడు. భూమి సమానమైతే ఇత్తనం సమానం గావాలె గద."

"మరి చెప్పలేదేందవ్వా?" అని అడిగింది నిస్సీ.

"ఎవనికి చెప్పాలె బిడ్డా? పెద్దోడు అయిదో తరగతిల బడి బంద్ జేసి అరక పట్టిండు. చిన్నోడు చదువుకున్నడు. ఆనికి నౌకరి ఉంది, నెల కాంగనే జీతముంది. ఈనికి మన్ను తప్ప ఏముంది? ఇద్దరూ నా కడుపుల పుట్టినోళ్లే. ఒకని పళ్లెంలకెల్లి తీసి ఇంకొకని పళ్లెంల ఏసేటందుకు నాకు చెయ్యి రాలే. నేను పోయేదాక గిట్లనే నడుస్తదనుకున్న." కాస్త ఆగి, "గా పెద్ద టీవీ వస్తదని నాకేమెరుక," అంది.

నిషిత వేళ్లు ముడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటోంది. "టీచర్," అంది మెల్లగా, "నాలుగు, మూడు అన్నా, పదహారు, పన్నెండు అన్నా ఒకటే గద. నాయినమ్మకు టేపు లేకుండనే వచ్చింది."

నిస్సీ అవునంది. కానీ ఆమె చూస్తున్నది యాదగిరిని.

తొమ్మిదేళ్లుగా తల్లి దాచిన సంగతి ఒక మనిషి అప్పుడే విన్నాడు. అలాంటి మనిషి ఏదో ఒకటి అడుగుతాడు. నిజమా అంటాడు. నాకెందుకు చెప్పలేదే అంటాడు. కనీసం తల్లి ముఖంలోకి చూస్తాడు. యాదగిరి ఏమీ అడగలేదు. ఎందుకు చెప్పలేదని అడిగింది తను, ఆయన కాదు. ఆయన వంగి, చెంబు పక్కకు జరిపి, తాడు ముడి విప్పుతున్నాడు.

అప్పుడు నిస్సీకి గుర్తొచ్చింది. కిందటి జూన్‌లో మొదటి వానలు పడ్డాక, ఒక పొద్దున ఇదే వరండాలో యాదగిరి గోనె ముందు కూర్చుని మానికతో కందులు కొలిచి రెండు సంచుల్లో పోస్తున్నాడు. తను బడికి వెళ్తూ ఆయన్ని దాటుకుని పోయింది. ఆయన పైకి లెక్కపెడుతున్నాడు. ఒక సంచీ నాలుగు దగ్గర మూతి కట్టాడు. ఇంకో సంచీ మూడు దగ్గర. తల్లి సాళ్లలో వదిలింది గాని, కొలిచి ఇచ్చింది ఈయనే. ఏటేటా ఈయనే.

తెలిసీ ఊరుకున్నాడా? లేక ఏటా చేయి కొలుస్తున్న లెక్క తలదాకా రానే లేదా? తను కూడా పంతొమ్మిదేళ్లు రెండు సూత్రాలు పక్కపక్కనే రాసి, రెంటినీ కలిపి చూడలేదు కదా. వంచిన తలలోంచి ఏ సంగతీ తెలియడం లేదు. ముడి మాత్రం ఎంతకీ విడిపోవడం లేదు. ఇందాక గట్టిగా ఉందో లేదో చూడటానికి ఆయనే లాగి బిగించాడు.

"కాకా," అంది నిస్సీ. "రేపు బస్సుల లెక్కే పెడ్త. మా సార్‌కు నేను చెప్పుకుంట. మీ ఇంటి ముచ్చట నా నోట్లకెల్లి బయటికి పోదు. కానీ ఇంట్ల ఈ పిల్లతోటి తప్పని మాత్రం చెప్పలేను. మీ తమ్మునికి చెప్పేది మీరే చెప్పాలె."

యాదగిరి తలెత్తాడు. ఏదో అనబోయాడు. గేటు బయట మోటార్‌సైకిల్ ఆగింది.

"ఏందిరా గిది, నడింట్ల తాడాట మొదలువెట్టిండ్రు!" అంటూ రాజశేఖర్ లోపలికి వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి, నిండైన మనిషి. ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో కమలాపండ్ల సంచీ. "టీచర్ గారూ, నమస్తే. మా పోరి సదువుతుందా, మీకే సదువు చెప్తుందా?"

"నాకే చెప్తుంది," అంది నిస్సీ.

"గదే అనుకున్న." సంచీ నిషిత చేతికిచ్చాడు. తల్లి పక్కన కూలబడి, ఆమె ఒళ్లోని గిన్నెలోంచి నాలుగు పచ్చి గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. "ఇంక పొయ్యి మీద పెట్టలేదా అమ్మా? పటాన్‌చెరు దాటినకాడికెల్లి ఆకలైతుంది."

నర్సింహమ్మ అతని చేతి మీద మెత్తగా ఒకటి వేసింది. లేచి వంటింట్లోకి పోవాల్సింది, పోలేదు.

"అన్నా, నీకొక పని తెచ్చిన," అన్నాడు రాజశేఖర్. "మా షిఫ్టుల పాండు అని ఉంటడు. జోగిపేట దిక్కోడు. అన్నదమ్ములు భూమి కాడ కొట్లాడి మూడేండ్ల సంది కోర్టు సుట్టు తిరుగుతున్నరు. మొన్న క్యాంటీన్ల ఒకటే ఏడుపు. నేనన్న, మా అన్నను సూసి నేర్చుకోండ్రిరా. కోర్టు లేదు, వకీలు లేడు. డెబ్బై రెండు కడీలు ఆయనకు, డెబ్బై రెండు నాకు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆడు నమ్మలే. సొంత అన్న గట్ల పంచుతడా అన్నడు. తర్వాత ఆడే నా ఎంబడి పడ్డడు. మీ అన్నను ఒకసారి తోల్కరా, మాది గూడ ఆయన్నే పంచుమను, మా అన్నను ఒప్పిస్త అన్నడు. వచ్చే ఐతారం పోదామా?"

యాదగిరి తాడును మోచేతికీ అరచేతికీ మధ్య చుట్టుకుంటున్నాడు. ముడి విడిపోలేదు, దాంతోనే చుట్టేస్తున్నాడు.

"ఏమంటవ్ అన్నా? మాటిచ్చి వచ్చిన నేను."

నిషిత సంచీ పక్కన పెట్టింది. తండ్రి వైపు చూసింది. టీచరు వైపు చూసింది. టీచరు తల ఊపలేదు, అడ్డంగా కూడా తిప్పలేదు. పిల్ల నోటుబుక్కు తీసుకుని చిన్నాయన ముందు మఠం వేసుకుని కూర్చుంది.

"చిన్నాయినా, నీకొక లెక్క చెప్పనా?"

"చెప్పు బిడ్డా. వస్తే చేస్త, రాకుంటే మీ నాయిన చేస్తడు."

నర్సింహమ్మ కళ్లు మూసుకుంది. నిస్సీ యాదగిరి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ఇప్పుడు చెప్తాడని, ఆ పిల్ల కంటే ముందు తనే చెప్తాడని, ఒక్క క్షణం ఆమెకు గట్టిగా అనిపించింది.

ఆయన తాడు చుట్టను అరుగు మీద పెట్టాడు. తమ్ముడి భుజం పక్కనుంచే మెట్లు దిగాడు. చెప్పులు తొడుక్కోలేదు, బండి తాళం తీసుకోలేదు. గేటు తీసుకుని, ఇంట్లోంచి వెళ్లిపోయాడు.